చెట్టు మీద ఊరగాయ: జర్మనీ వాళ్లకే తెలియని జర్మన్ ఆచారం

మీ ప్రశ్న చదివి నవ్వాపుకోలేకపోయానండి. "ఆఫీసు సీక్రెట్ శాంటాలో మా వారికి ఆకుపచ్చ గాజు దోసకాయ బొమ్మ వచ్చింది. దాంతో పాటు ఒక చీటీ. ఇది జర్మనీ వాళ్ల పాత ఆచారమనీ, క్రిస్మస్ చెట్టులో దాచిపెడితే పొద్దున్నే ముందుగా కనిపెట్టిన పిల్లలకి ఒక కానుక ఎక్కువ ఇవ్వాలనీ అందులో ఉంది. నిజమేనా? మేం క్రైస్తవులం కాదు, పిల్లల సరదా కోసం చెట్టు పెడతాం. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. ఈ ఆట ఆడిస్తే కొట్టుకుంటారేమోనని టెన్షన్" అని రాశారు.

నేను మిషిగన్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. అందులో మూడు సీజన్లు క్రిస్మస్ అలంకరణ సామాన్లమ్మే దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడ్డాను. మీరు చెప్పిన ఆ చీటీని బొమ్మతో పాటు నా చేత్తోనే కొన్ని వందల మందికి సంచీలో వేసి ఇచ్చాను. కాబట్టి ఈ విషయంలో నాది కొంత ప్రాయశ్చిత్తం అనుకోండి.

ముందు పేరు సంగతి. 'క్రిస్మస్ పికిల్' అనగానే మన బుర్రలో ఆవకాయ జాడీ మెదులుతుంది. మా అమ్మ గుంటూరు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు, "ఊరగాయని చెట్టుకి వేలాడదీయడమేంటే? తడి చెయ్యి తగిలితేనే బూజు పడుతుందని భయపడి చస్తాం కదా" అంది. ఇక్కడ పికిల్ అంటే ఉప్పునీళ్లలోనో వెనిగర్లోనో ఊరేసిన చిన్న దోసకాయ. వేలెడంత పొడుగు, ఒంటి నిండా బొడిపెలు. అచ్చంగా ఆ ఆకారంలోనే గాజు బొమ్మ చేసి, పైన లోహపు టోపీ, దానికో కొక్కెం పెడతారు. చెట్టూ ఆకుపచ్చే, బొమ్మా ఆకుపచ్చే. ఆటంతా అందులోనే ఉంది.

ఇక జర్మనీ సంగతి. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేది. పుట్టి పెరిగింది జర్మనీలో, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చింది. దుకాణంలో చేరిన మొదటి ఏడాది ఆమె మెచ్చుకుంటుందని ఒక గాజు పికిల్ తీసుకెళ్లి ఇచ్చాను. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "బాగుంది, ఇది మీ ఇండియాలో ఆచారమా?" అని అడిగింది! ఆమె ఒక్కతే కాదు. 2016లో యూగవ్ అనే సర్వే సంస్థ జర్మనీలో 2,057 మందిని అడిగితే 91 శాతం మంది ఈ ఆచారం గురించి విననే లేదన్నారు. ఇప్పుడు అక్కడి క్రిస్మస్ సంతల్లోనూ ఈ బొమ్మలు దొరుకుతున్నాయి, 'వైనాఖ్ట్స్‌గుర్కె' (అంటే క్రిస్మస్ దోసకాయ) అనే పేరుతో. కానీ అది అమెరికా నుంచి తిరిగొచ్చిన సరుకు.

చీటీలో కథ అబద్ధమని తేల్చడానికి సర్వే కూడా అక్కర్లేదు. జర్మనీలో పిల్లలకి కానుకలిచ్చేది డిసెంబర్ 24 సాయంత్రం. 25 పొద్దున్నే లేచి చెట్టు దగ్గరికి పరిగెత్తడం అమెరికా పద్ధతి, ఇంగ్లండ్ పద్ధతి. ఇక కొన్ని చీటీల్లో, పికిల్ దాచేది సెయింట్ నికొలస్ అని కూడా ఉంటుంది, మన శాంటా తాతకి మూలమైన సాధువు. జర్మనీలో ఆయన వచ్చేది డిసెంబర్ 6న. 5వ తేదీ రాత్రి పిల్లలు బూట్లు తుడిచి బయట పెడితే వాటిలో మిఠాయిలు వేసి వెళ్తాడు. క్రిస్మస్ ముందు రాత్రి నికొలస్ వచ్చి పికిల్ దాస్తాడని చీటీ రాసినవాడికి జర్మన్ ఇంట్లో పండగ ఎలా జరుగుతుందో తెలియదన్నమాట.

ఇక్కడ చిన్న పక్కదారి. మాది గుంటూరు లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబం. మా ఊళ్లో ఆ మిషన్ మొదలుపెట్టింది ఫాదర్ హయ్యర్, 1842లో. ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో, మిషనరీగా పంపింది అమెరికాలోని పెన్సిల్వేనియా లూథరన్లు. అంటే ఒకే మనిషిలో జర్మనీ, అమెరికా రెండూ ఉన్నాయి. ఆ తర్వాత నెల్లూరు, చిత్తూరు వైపు నేరుగా జర్మనీ నుంచే హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు వచ్చారు. వాళ్లు బడులు తెచ్చారు, ఆసుపత్రులు తెచ్చారు, పాటలు తెచ్చారు. పికిల్ మాత్రం తేలేదు. అంత పాత ఆచారమే అయితే, ఊరగాయంటే ప్రాణం పెట్టే గుంటూరు వాళ్లకి దాన్ని చెప్పకుండా ఉంటారా? ఇది చరిత్రకారులు ఒప్పుకునే వాదన కాదనుకోండి, మా అమ్మకి మాత్రం చాలా నచ్చింది.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? కథ కల్పితమే కానీ, బొమ్మ మాత్రం నిజంగా జర్మనీదే. అక్కడే అసలు తిరకాసంతా. థురింగియా కొండల్లో లౌషా అని ఒక ఊరుంది. 1597లో గాజు కొలిమి పెట్టిన ఊరు. క్రిస్మస్ చెట్టుకి అంతకుముందు నిజం ఆపిల్ పళ్లు, గింజలు కట్టేవాళ్లు. 19వ శతాబ్దం మధ్యలో లౌషా వాళ్లు వాటి బదులు గాజు గోళాలు ఊదడం మొదలుపెట్టారు. 1848 నాటి ఒక ఆర్డరు పుస్తకంలో డజన్ల లెక్కన గాజు గోళాలు రాసున్నాయి. 1867లో ఊరికి గ్యాసు వచ్చాక మంటని సన్నగా, పెద్దగా తిప్పుకునే వీలు దొరికి, గాజు ఇంకా పల్చగా ఊదగలిగారు. గోళాల తర్వాత ద్రాక్ష గుత్తులు, ఆక్రోటులు, కూరగాయలు, పక్షులు... ఏది కావాలంటే అది.

తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. గాజు గొట్టాన్ని మంట మీద తిప్పుతూ మెత్తబడనిస్తారు. రెండు చెక్కలుగా ఉన్న అచ్చులో పెట్టి అటు నుంచి ఊపిరి ఊదుతారు. అచ్చులో ఉన్న ప్రతి బొడిపె, ప్రతి ముడత గాజు మీదికి ఎక్కుతుంది. చల్లారాక లోపలికి వెండి ద్రావణం పోసి వేడినీళ్లలో ఊపితే ఒక్కసారిగా అద్దంలా మారిపోతుంది. ఆ పైన ఆకుపచ్చ లక్క రంగు. చివర్న మిగిలిన గాజు తోకని కోసి టోపీ తొడుగుతారు. మీ బొమ్మ టోపీ మెల్లగా తీసి లోపలికి చూడండి, అద్దంలా మెరుస్తుంటే వెండి పూత ఉన్నట్టే. టోపీ తీసేటప్పుడు జాగ్రత్త, అక్కడ అంచు కోడిగుడ్డు పెంకంత పల్చగా ఉంటుంది.

ఈ బొమ్మల్ని అమెరికాలో ఇంటింటికీ చేర్చింది ఎఫ్. డబ్ల్యూ. వూల్‌వర్త్. అయిదు సెంట్లు, పది సెంట్ల దుకాణాల వాడు. 1880లో ఫిలడెల్ఫియాలో ఒక దిగుమతి వ్యాపారి ఈ గాజు బొమ్మలు చూపిస్తే, ఇవెవరు కొంటారని మొదట ఇష్టపడలేదట. బలవంతాన 25 డాలర్ల సరుకు తీసుకుని పెన్సిల్వేనియాలో లాంకాస్టర్‌లోని తన దుకాణంలో పెట్టాడు. రెండు రోజుల్లో ఖాళీ! ఆ తర్వాత ఏటేటా పెట్టెల కొద్దీ తెప్పించాడు, తనే స్వయంగా లౌషాకి కూడా వెళ్లొచ్చాడు.

ఇప్పుడు దుకాణం వాడి వైపు నుంచి ఆలోచించండి. పెట్టె తెరిస్తే దేవదూతలు, నక్షత్రాలు, గంటలు. అవి చూడగానే అమ్ముడుపోతాయి. మధ్యలో ఒక ఆకుపచ్చ దోసకాయ. చెట్టుకి కడితే కనిపించి చావదు, ఎవడు కొంటాడు దాన్ని? కనిపించకపోవడమే దాని గొప్ప అని చెప్పగలిగితే కొంటారు. "ఇది దాచే బొమ్మండీ, జర్మనీలో తాతల కాలం నుంచీ ఇంతే" అని ఎవరో ఒక సేల్స్‌మ్యాన్ నోట వచ్చి ఉంటుందని నా నమ్మకం. ఈ కథ పుట్టుక గురించి పరిశీలించినవాళ్లలో ఎక్కువమంది మొగ్గేది కూడా ఇటే. నేనైతే కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని కాబట్టి ఇంకాస్త గట్టిగా నమ్ముతాను. కథ లేని రోజు పికిల్ అమ్ముడయ్యేది కాదు. చీటీ పెట్టాక గంపలోంచి అవే ఎగిరిపోయేవి.

చీటీల్లో ఇంకో రెండు కథలు కూడా తిరుగుతుంటాయి. ఒకటి అమెరికా అంతర్యుద్ధం కాలానిది. జర్మనీలోని బవేరియాలో పుట్టి ఉత్తరాది సైన్యంలో చేరిన జాన్ లోవర్ అనే సైనికుడు జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెరలో ఆకలితో చచ్చిపోతూ, క్రిస్మస్ ముందు రోజు కాపలావాణ్ణి ఒక్క పికిల్ పెట్టమని బతిమాలాడట. వాడు జాలిపడి పెట్టాడు, ఇతను బతికాడు, ఇంటికెళ్లాక ఏటా చెట్టులో ఒక పికిల్ దాచేవాడని కథ. ఆండర్సన్‌విల్ మాత్రం కథ కాదు. 1864, 65లలో అక్కడ దాదాపు 45,000 మందిని కుక్కితే 13,000 మంది దాకా పోయారు, తిండి లేక, మురికి నీళ్లు తాగి. అలాంటి చోట ఒక ఉప్పటి దోసకాయ ముక్క ప్రాణం నిలబెట్టిందంటే నేను నమ్మగలను. దాని వల్ల దేశమంతా పికిళ్లు దాస్తున్నారంటే మాత్రం నమ్మను.

రెండోది సెయింట్ నికొలస్‌ది. బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లల్ని ఒక పూటకూళ్ల దుర్మార్గుడు చంపి పికిల్ పీపాలో కుక్కితే, నికొలస్ వచ్చి బతికించాడట. ఈయన నాలుగో శతాబ్దపు బిషప్, మైరా అనే ఊరివాడు, అది ఇప్పుడు టర్కీలో ఉంది. ముగ్గురు పిల్లల్ని ఉప్పు తొట్టిలో ఊరేసిన కథ యూరప్‌లో మధ్యయుగాల నుంచే ఉంది. కానీ అందులో చెట్టూ లేదు, దోసకాయా లేదు. మీ బాబుకి నాలుగేళ్లన్నారు కదా, ఈ కథ ఇప్పుడే చెప్పకండి. మా వాడికి చెప్పాను. ఏడాది పాటు ఫ్రిజ్‌లో పికిల్ సీసా ఉంటే వంటింట్లోకి రాలేదు.

మా మిషిగన్‌లోనే బెరియన్ స్ప్రింగ్స్ అని చిన్న ఊరుంది. తమది ప్రపంచ క్రిస్మస్ పికిల్ రాజధాని అని వాళ్లే ప్రకటించుకున్నారు. చుట్టూ దోసకాయ పండించే నేల. 1990లలో డిసెంబర్‌లో పికిల్ ఊరేగింపు తీసేవారు. 'గ్రాండ్ డిల్‌మైస్టర్' అనే పెద్దమనిషి ముందు నడుస్తూ జనానికి పికిళ్లు పంచేవాడు. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి 2021లో పండగ మళ్లీ మొదలైంది. అక్కడి వాళ్లెవరికీ ఇది నిజంగా జర్మనీదా కాదా అన్న బాధ లేదు. నాకు నచ్చింది అదే.

మీకు ఇంకో తమాషా. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో చిన్న దోసకాయల పికిల్ సీసా వెనక ఎప్పుడైనా చూశారా? చాలా వాటి మీద 'ప్రాడక్ట్ ఆఫ్ ఇండియా' అనే ఉంటుంది. ఈ చిన్న దోస, గెర్కిన్ అంటారు, 1990ల నుంచి కర్ణాటకలో మొదలై తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ రైతుల చేతికొచ్చింది. కంపెనీలు విత్తనమిచ్చి, ఒప్పందం మీద పండించి కొంటాయి. 2020–21లో మన దేశం రెండు లక్షల టన్నులకి పైగా ఎగుమతి చేసింది. మన దగ్గర దాన్ని వండుకునేవాళ్లు మాత్రం దాదాపు లేరు. కాబట్టి 'మన కుటుంబానికి పికిల్‌తో ఏం సంబంధం' అని మీ వారంటే కుప్పం వైపు రైతుల్ని చూపించండి.

సరే, ఆట. మీ అసలు టెన్షన్ అదే కదా.

మన పెళ్లిళ్లలో బిందెలో ఉంగరం వేసి పెళ్లికూతురు, పెళ్లికొడుకు చేత వెతికిస్తాం చూడండి. ఉంగరం ఎవరికి దొరికిందన్నది రెండు నిమిషాల సంగతి. చుట్టూ చేరినవాళ్ల గోల, "వదలకు, వదలకు" అని ఇరుపక్షాల అరుపులు, అదీ సరదా. ఇదీ అంతే. కాబట్టి పోటీని తగ్గించి గోలని పెంచడం మీ పని.

మేం మొదటి రెండేళ్లూ చీటీలో ఉన్నట్టే ఆడాం. ముందు పట్టుకున్నవాళ్లకి పెద్ద బొమ్మ. రెండో ఏడాది పొద్దున్న ఆరున్నరకి మా అయిదేళ్ల వాడు అక్క కంటే ముందు చెయ్యి వేయాలని చెట్టులోకి దూరాడు. చెట్టు స్టాండుతో సహా వాడి మీదికి ఒరిగింది. చప్పుడికి నేనూ మా వారూ కిందికి పరిగెత్తేసరికి, కొమ్మల కింద నుంచి రెండు కాళ్లు, పగిలిన గాజు ముక్కలు, లోపలి నుంచి "దొరికింది! దొరికింది!" అని కేక. పన్నెండు బొమ్మలు పగిలాయి. పికిల్ మాత్రం వాడి పిడికిట్లో భద్రం. వాడికి గీత కూడా పడలేదు. అక్కేమో "అది లెక్క కాదు" అని మధ్యాహ్నం దాకా ఏడ్చింది.

ఆ మర్నాడే రూల్స్ మార్చాం. చేతులు వెనక్కి కట్టుకోవాలి. కళ్లతోనే వెతకాలి. కనబడినవాళ్లు అరవకూడదు, చూపించకూడదు. మెల్లగా వచ్చి సోఫాలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు "ఆవకాయ" అనాలి. మిగతావాళ్లు వెతుకుతూనే ఉంటారు. ఒకడికి దొరకగానే ఆట అయిపోదు, అదీ కిటుకు. ముందు కనిపెట్టినవాడికి ఇప్పుడు ఇంకో సరదా. ఎటు చూస్తే రహస్యం బయటపడుతుందోనని కళ్లు పైకప్పుకేసి పెట్టుకుని కూర్చోవాలి. మా అమ్మ ఈ ఆటలో గట్టిది. ఒకసారి అసలు కనిపించకుండానే "ఆవకాయ" అని కూర్చుంది. చివర్లో చూపించమంటే, "నాకెక్కడ కనబడిందీ? మోకాళ్ల నొప్పి, కూర్చోవాలనిపించింది" అంది.

మీ పిల్లలిద్దరి మధ్య నాలుగేళ్ల తేడా ఉంది కాబట్టి రెండు పికిళ్లు పెట్టండి. బాబుకి గుడ్డతో కుట్టింది, వాడి కంటి ఎత్తులో, సగం బయటికి కనబడేలా. గాజుది పాపకి, పైన. పాప తన దాని కోసమే వెతకాలి. బాబుది కనబడ్డా చెప్పకూడదు. ఎనిమిదేళ్లకి రహస్యం దాచడమంటే పెద్దరికం, అదే సగం బహుమతి.

కానుక విషయంలో నా మాట వినండి, కొనే వస్తువు పెట్టకండి. మా ఇంట్లో కనిపెట్టినవాళ్లు ఆ రోజు కానుకలు పంచే పెద్ద. ఏ ప్యాకెట్ ఎవరికి, ఏది ముందు, ఏది తర్వాత అన్నీ వాళ్ల ఇష్టం. ఆ అధికారం ముందు ఏ బొమ్మా పనికిరాదు. మీరు చర్చికి వెళ్లే ఇల్లు కాదు కాబట్టి పొద్దున్నే ఆడేయొచ్చు. మేం ఇప్పుడు ఆరాధన నుంచి వచ్చాక ఆడతాం, అప్పటిదాకా చెట్టున్న గది తలుపు వేసే ఉంటుంది.

దాచడం గురించి కూడా కాస్త. 24 రాత్రి దాకా పికిల్ పిల్లల కంట పడనివ్వొద్దు. కొత్తవాళ్లు కొమ్మ చివర కట్టేస్తారు, అది అర నిమిషంలో దొరుకుతుంది. కాండానికి దగ్గరగా, కొమ్మ వాలుకి సమంగా పడుకోబెట్టి కట్టండి. పట్టించేది బొమ్మ కాదు, పైన మెరిసే టోపీ. దానికి ఆకుపచ్చ దారం చుట్టండి. వెనక లైటు లేకుండా చూసుకోండి, వెండి పూత అద్దంలా వెలుగు కొడుతుంది. ఇంకోటి, దాని పక్కనే పెద్ద ఎర్ర గోళం వేలాడదీయండి. కన్ను ముందు ఎరుపు మీద పడి, పక్కనున్న పచ్చని దాటేసి వెళ్లిపోతుంది. ఎక్కడ పెట్టారో మీ ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ఒక ఏడాది మా వారు దాచి, ఎక్కడ దాచారో మర్చిపోయారు. చెట్టు తీసేసే రోజున బయటపడింది.

గాజుది పగిలితే ఏం చేయాలని మీరు అడగలేదు కానీ, పగులుతుంది. అప్పుడు మా చెల్లి దారి పట్టండి. తను గుంటూరులోనే ఉంటుంది. వాళ్లు మామూలుగా సరుగుడు కొమ్మ తెచ్చి బకెట్లో ఇసుక పోసి నిలబెట్టి, కాగితం గొలుసులు, నక్షత్రం కడతారు. మా పిల్లలు వీడియో కాల్లో పికిల్ చూపిస్తే వాళ్ల పిల్లలకీ కావాలన్నారు. గాజు పికిల్ అక్కడెక్కడ దొరుకుతుంది? కూరల బుట్టలోంచి ఒక దొండకాయ తీసి ఆకుపచ్చ దారంతో కట్టేసింది. నిజం చెబుతున్నాను, లౌషా పనివాడు చూసినా తన సరుకే అనుకుంటాడు. పైగా సరుగుడాకు సన్నగా జుట్టులా ఉంటుంది కాబట్టి దొండకాయ ఇంకా బాగా కలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. లేత కాయ ఎంచుకుని 24 రాత్రే కట్టాలి. మా చెల్లి మొదటిసారి ఉత్సాహం కొద్దీ బాగా ముదిరిన కాయని నాలుగు రోజుల ముందే కట్టింది. క్రిస్మస్ పొద్దున్నకి అది పండి ఎర్రగా అయిపోయింది, గుమ్మంలో ఉండగానే పిల్లలు పట్టేశారు.